గూట్లో చెక్కముక్క

వంకర గోడ కంటబడితే మద్దిలేటికి అన్నం సయించదు. పెళ్లికి పిలిచినా అంతే. పెళ్లికొడుకును చూడడు, వాడి వెనక గోడను చూస్తాడు. "ఆ మూల రెండు వేళ్లు బయటికొచ్చింది చూడు" అని పక్కవాడి చెవి కొరుకుతాడు. కర్నూలు చుట్టుపక్కల తాపీ పట్టినవాళ్లలో అంత తిక్క మనిషి ఇంకొకడు లేడు. అంత మంచి పనివాడూ లేడు. అట్లాంటి మనిషి చేతికి, ఏ దేవుడు ఆలోచించాడో ఏమో, వరద కాలనీవాళ్లను అప్పగించాడు.

వరద కాలనీ అంటే ఊరికి దూరంగా, గుట్టల పక్కన లేపిన మూడంతస్తుల బ్లాకులు. ఏటి ఒడ్డున ఇళ్లు కొట్టుకుపోయినవాళ్లకు సర్కారు కట్టిచ్చింది. ఇళ్లయితే ఇచ్చారు గానీ, ఇంత దూరం వచ్చినవాళ్లు ఏం పని చేసుకుని బతుకుతారన్నది ఎవరికీ తట్టలేదు. మార్కెట్ యార్డులో మూటలు మోసినవాళ్లు, రిక్షా తొక్కినవాళ్లు, గంపలో ఆకుకూర అమ్ముకున్నవాళ్లు, ఊరు దూరమై, బస్సు కరువై, బ్లాకుల నీడన పులిజూదం ఆడుకుంటూ కూర్చున్నారు. ఇంతలో కాలనీకి ఎదురుగా, రోడ్డుకు అవతల, పెద్ద ఆసుపత్రి కట్టడం మొదలైంది. పనికి మాత్రం ఎక్కడెక్కడి మనుషులో లారీల్లో వచ్చి దిగారు. ఇంటి ముందర పని, ఇంట్లో పస్తు.

అది చూసి ఒక సంస్థవాళ్లు కదిలారు. కాలనీలో పని లేనివాళ్లకు తాపీ పని నేర్పిద్దామన్నారు. నేర్పడానికి మద్దిలేటిని పిలిచారు. ఆసుపత్రి కట్టే కంట్రాక్టరు కూడా సరేనన్నాడు. తన సూపర్వైజరు వచ్చి చూస్తాడు, చెయ్యి కుదిరినవాళ్లను పనిలోకి తీసుకుంటాడు.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో సుంకులమ్మ ఒకతి. ఆమె మొగుడు హమాలీ. మూట మీద పడి నడుం పోయి మంచం పట్టాడు. ఇద్దరు పిల్లలు. ఆమె వచ్చి నిలబడగానే మగవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్కడైనా ఆడమనిషి ఇల్లు కట్టే పనికి పోతే తట్ట మోస్తుంది, తాపీ పడుతుందా? రిక్షా ఈరన్న ఆ మాట పైకి అననే అన్నాడు.

"తట్టకు నెత్తి కావాల, తాపీకి చెయ్యి కావాల. నాకు రెండూ ఉండాయి లే అన్నా" అంది సుంకులమ్మ.

మద్దిలేటికి ఆ జవాబు భలే నచ్చింది. మొదటి తాపీ ఆమె చేతికే ఇచ్చాడు.

నేర్చుకునేవాళ్లకు సిమెంటు ఇస్తే సంస్థ మునిగిపోతుంది. అందుకని మట్టి అడుసుతోనే కట్టించేవాడు. వారమంతా కట్టడం, శనివారం విప్పడం, ఇటుకలు కడిగి మళ్లీ సోమవారం మొదలుపెట్టడం. చేతులు తిరగాలంటే అదే దారి. ఇంతవరకూ తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తప్పంతా సాయంత్రం పూట జరిగేది. అందరూ ఇళ్లకు పోతారు. మద్దిలేటి మోపెడ్ తీస్తాడు. పోతూ పోతూ ఒక్కసారి వెనక్కి చూస్తాడు. ఈరన్న గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకొచ్చి ఉంటుంది. సుంకులమ్మ గోడ మొదటి మూడు వరసలు బుద్ధిగానే లేచి, నాలుగో వరస నుంచి రోడ్డు వైపు ఒరుగుతుంది. అడుసు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇక ఆ చేతులు ఊరుకుంటాయా? 'ఈ ఒక్క వరస' అనుకుని మోపెడ్ స్టాండు వేస్తాడు. పొద్దు గుంకేలోపు అన్ని గోడలూ నిలువు చూసే తూకంగుండు పట్టినా వేలెత్తి చూపలేనట్టు నిలబడేవి.

తనకు పని నేర్పిన దస్తగిరి వస్తాదు చేతికింద పెరిగినవాడి దగ్గర వంకర గోడ ఉండడమేమిటని వాడి బాధ. ఇంకో సంగతి కూడా ఉంది, అది చెప్పకపోతే పాపం. పొద్దున్నే సుంకులమ్మ వచ్చి, తన గోడను కింది నుంచి పైదాకా చూసుకుని, "పర్వాలేదే, వస్తాండాది!" అని నవ్వేది. మంచంలో ఉన్న మొగుడికి కూడా చెప్పుకున్నదట, నా గోడ నిలబడిందని. అంత సంతోషపడే మనిషికి 'నీ గోడ వంకరమ్మా' అని ఏ నోటితో చెబుతాడు?

అట్లా అందరూ తమకు పని వచ్చేసిందనే అనుకున్నారు. పులిజూదం దగ్గర కూర్చుని "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని మొదట్లో అన్న ముసలివాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

ఒక రోజు ఆసుపత్రి సూపర్వైజరు వచ్చాడు. మంచివాడే. అందరితోనూ నవ్వుతూ మాట్లాడి, నీడలో కుర్చీ వేసుకుని, "నా ముందర తలా ఒక గోడ మూల లేపండి, చూస్తా" అన్నాడు.

లేపారు. ఎట్లా లేస్తాయో మద్దిలేటికి తెలుసు. సూపర్వైజరు తూకంగుండు వదిలి చూశాడు, ఇంకో మూల చూశాడు, ఆ తర్వాత గుండు జేబులో వేసుకున్నాడు.

"అన్నా, తీసుకుందామనే వచ్చినా" అన్నాడు మద్దిలేటితో, మెల్లగా, పక్కకు పిలిచి. "ఈ చేతులతో ఆసుపత్రి గోడలు కట్టిస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. దీపావళి దాటినాక పై అంతస్తు మొదలుపెడతాం. అప్పుడొకసారి వస్తా. అప్పుడూ ఇంతే అయితే లారీల వాళ్లను దింపుకుంటా, మళ్లా నన్ను అనొద్దు."

ఆయన వెళ్లిపోయాడు. ఈరన్న బీడీ ముట్టించి అట్లాగే పట్టుకున్నాడు. సుంకులమ్మ తన రెండు చేతులనూ ముందుకు చాపి చూసుకుంది.

"నిన్నటిదాకా ఈ చేతులు బాగానే ఉండె గదన్నా, ఈ పొద్దు ఏమొచ్చిండాది వీటికి?" అంది.

మద్దిలేటి మోపెడ్ ఎక్కి ఎటు పోతున్నాడో చూసుకోకుండా పోయి, చివరికి పాత ఊళ్లో దర్గా వెనక సందులో ఆపాడు. కష్టం వస్తే ఆ బండికి ఆ సందే తెలుసు.

పని నేర్పిన గురువును ఆ వైపు వస్తాదు అంటారు. మద్దిలేటి వస్తాదు దస్తగిరి ఆ సందులోనే ఉంటాడు. కళ్లకు పొరలు కమ్మి పని మానేసి చాలా కాలమైంది. ఎవరూ లేని పిల్లవాడిగా ఉన్నప్పుడు మద్దిలేటి ఆ ఇంట్లోనే తిన్నాడు, ఆ ఇంట్లోనే పడుకున్నాడు, ఆయన వెనకే తట్ట మోసి తాపీ దాకా వచ్చాడు. వస్తాదు భార్య మాబున్నిని పెద్దమ్మా అంటాడు. ఆమెకు వీడు ఇప్పటికీ చిన్నపిల్లోడే. మీసాలు నెరుస్తున్నా ఆమె లెక్క మారలేదు.

"వస్తాదూ, నా వల్ల కాదు" అన్నాడు, చెప్పులు కూడా విడవకుండా. "వాళ్ల చేతుల్లోనే ల్యాదు. ఎంత చెప్పినా నాలుగో వరసకు ఒరుగుతాది. నువ్వొచ్చి ఒక వారం కూర్చో, నీ మాటకన్నా భయపడతారు. ల్యాకపోతే నేను రేపటి నుంచి పోను."

ఆయన మంచం మీద కూర్చుని చింతగింజల తసబీ మాల తిప్పుకుంటున్నాడు. తిప్పడం ఆపలేదు.

"చెప్పులిడ్సు. అన్నం తిన్యావా?"

"అన్నం సంగతి తరవాత వస్తాదూ. చెప్పేది ఇను."

"ఇంటాండా లే. ఒరుగుతాదంటివి. ఈ పొద్దే ఒరిగిందా, ముందు నుంచీ ఒరుగుతానే ఉండాదా?"

"ముందు నుంచీ."

"మరి వాళ్లకు తెలియదా?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ఆ ఇంట్లో వాడికి నోరు రాదు. "సాయంత్రం పూట నేనే సరి చేస్తాంటి" అన్నాడు.

దస్తగిరి కోప్పడితే బాగుండునని మద్దిలేటికి అనిపించింది. ఆయన మాత్రం వంటింటి వైపు తిరిగి, "ఏమే, పిల్లోడు ఆకలితో వచ్చిండాడు. సంగటి పెట్టు" అని కేకేశాడు.

వంటింట్లో గోడ పక్కనే ఇద్దరికీ చాప వేసింది మాబున్ని. గోంగూర పప్పు, సంగటి ముద్ద, పక్కన ఉల్లిపాయ. "ఎంత చిక్కిపోయినావురా, ఆ కాలనీవాళ్లు నీ రక్తం తాగుతాండారా ఏమి" అని గొణుగుతూ, రెండు లోటాల్లో నీళ్లు ఇచ్చింది. చాప మీద ఎత్తుపల్లాలు. మద్దిలేటి తన లోటాను తలదగ్గరున్న గోడ గూట్లో పెట్టాడు.

లోటా కదిలింది. మెల్లగా, ఎవరో వేలితో తోసినట్టు, గూటి అంచు దాకా జరిగింది.

పడేలోపు దస్తగిరి చెయ్యి వచ్చింది. ఆయన చూడను కూడా చూడలేదు. సంగటి మింగుతూనే, ఎడమ చేత్తో గూటి మూలలోంచి ఒక చెక్కముక్క తీశాడు. నల్లగా, నూనె పట్టి, అంచులు అరిగిపోయిన ముక్క. లోటా కింద ఒక పక్కన దూర్చాడు. లోటా నిలబడింది. ఆయన మళ్లీ పప్పు కలుపుకున్నాడు.

మద్దిలేటి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. గూటిని చూశాడు. గూటి కింద వరసలు చూశాడు. సున్నం మీద సున్నం పడి కప్పుకుపోయింది గానీ, చూసేవాడికి తెలుస్తుంది. కింద మూడు వరసలు సరిగ్గానే ఉన్నాయి. నాలుగో దగ్గర మొదలై గోడంతా లోపలి వైపు ఒరిగింది.

"పెద్దమ్మా, ఇది..."

"నువ్వు కట్టిందే గదరా" అంది మాబున్ని, ఇందులో వింతేముందన్నట్టు. "మర్చిపోతివా? మొట్టమొదట తాపీ పట్టి కట్టింది ఇదే. కట్టినాక ఏడ్చి చస్తివి."

అప్పుడు గుర్తొచ్చింది. పగలంతా కట్టి, సాయంత్రం దూరంగా నిలబడి చూసుకుని, సిగ్గుతో వస్తాదు కాళ్ల మీద పడ్డాడు. తీసేసి మళ్లీ కడతానన్నాడు. 'ఉండనీ' అన్నాడు దస్తగిరి. తిట్టలేదు. తను చెయ్యి పెట్టలేదు. ఇంకొక మాట చెప్పలేదు. ఆ తర్వాత మద్దిలేటి రోజూ ఆ గోడ పక్కనే కూర్చుని తినాల్సి వచ్చింది. రోజూ లోటా జరిగేది. జరిగినప్పుడల్లా మొహం కందిపోయేది. పక్క రోజు పనిలో దారం కట్టకుండా, గుండు వదలకుండా ఒక్క ఇటుక పెట్టింది లేదు.

"సంగటి ఆరిపోతాది, తిను" అన్నాడు దస్తగిరి.

మద్దిలేటి తిన్నాడు. తింటున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఉల్లిపాయ ఘాటు అనుకుందో ఏమో, మాబున్ని దాన్ని పక్కకు జరిపింది.

మరుసటి పొద్దున వరద కాలనీలో అందరినీ కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. "మీ గోడలు సాయంత్రం పూట నేనే సరి చేస్తాంటి. తప్పు నాది."

సుంకులమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"అంటే నాకు పనే రాల్యాదు. ఇన్ని దినాలూ నేను నవ్వుకున్యదంతా నీ గోడ చూసి! మా ఇంటాయనకు ఏమని చెప్పాలన్నా ఇప్పుడు?" అంది. కొంగు దులుపుకుని లేచి పోయింది. ఆమె అట్లా పోతుంటే మద్దిలేటికి తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నానికి మళ్లీ వచ్చింది. ఎందుకు వచ్చిందంటే, పోవడానికి ఇంకో చోటు లేదు కాబట్టి. ఆమే ఆ మాట అంది, మొహం పక్కకు తిప్పుకుని.

కాలనీలో ప్రతి బ్లాకు ముందరా ఒక కుళాయి ఉంది. బిందెలు బురదలోనే పెట్టుకుని నీళ్లు పట్టుకుంటారు. మద్దిలేటి సంస్థవాళ్ల కాళ్లావేళ్లా పడి కొంచెం సిమెంటు తెచ్చాడు. "ఎవరి బ్లాకు ముందర వాళ్లు బిందెల దిమ్మె కట్టండి. ఇది మట్టి కాదు, శనివారం విప్పేది కాదు. మీ నీళ్లు, మీ దిమ్మె" అన్నాడు.

సుంకులమ్మ దిమ్మె కట్టింది. కట్టిన దిమ్మె మీద బిందె పెడితే జారింది. నీళ్ల దగ్గర ఆడవాళ్ల నోళ్ల సంగతి తెలిసిందే గదా. "సుంకులమ్మ దిమ్మె మీద బిందె పెడితే నీళ్లు మోసే పని ల్యాదే, అదే ఇంటికి నడిచిపోతాది!" అని ఒకతి. "ఒసే, బిందెకు తాడు కట్టుకో" అని ఇంకొకతి. రోజూ పొద్దున అదే పాట. ఆమె మూడో అంతస్తు నుంచి వింటూ ఉండేది.

మద్దిలేటి ఆ దిమ్మె పక్క నుంచే పోవాలి. దాన్ని చూస్తే వాడికి ఒళ్లంతా దురద. ఒక పూట పని, మూడు వరసలు తీసి పెడితే అయిపోతుంది. చేతులు చంకల్లో పెట్టుకుని నడిచేవాడు.

"ఒక్కసారి నీ చెయ్యి పెట్టరాదా అన్నా" అని ఒకనాడు సుంకులమ్మే అడిగింది.

"చేతికి ముల్లు గుచ్చుకుందమ్మా" అన్నాడు.

"రెండు చేతులకా?"

"రెండింటికీ."

ఆమె వాడి మొహంలోకి తేరిపార చూసింది. అన్నం తినబుద్ధి కాక మద్దిలేటి ఆ పూట పస్తున్నాడు.

కొన్నాళ్లకు, మధ్యాహ్నం కుళాయి దగ్గర ఎవరూ లేని వేళ, సుత్తి చప్పుడు వినిపించింది. మద్దిలేటి బ్లాకు చాటు నుంచి చూశాడు. సుంకులమ్మ తన దిమ్మెను తనే పగలగొడుతోంది. ఇటుకలకు పట్టిన సిమెంటును గీకి గీకి ఒక పక్కన పేరుస్తోంది. మళ్లీ మొదలుపెట్టింది. దారం కట్టింది. గుండు వదిలింది. అది చాలదన్నట్టు ఇంట్లోంచి సత్తు పళ్లెం తెచ్చి, వరస వరస మీదా పెట్టి, నిండా నీళ్లు పోసి, వంగి కూర్చుని నీళ్లు ఏ అంచుకు పోతున్నాయో చూసింది. పళ్లెం విద్య మద్దిలేటి నేర్పింది కాదు. ఎవరూ నేర్పింది కాదు.

దిమ్మె పూర్తయ్యాక బాగుందా అని వాడిని అడగలేదు కూడా. మద్దిలేటికి కొంచెం చిన్నబుచ్చినట్టయింది. ఆ కొంచెమూ పోయి, ఆ పూట రెండు పూటల అన్నం తిన్నాడు.

దీపావళి దాటింది. సూపర్వైజరు వచ్చి కుర్చీ వేసుకున్నాడు. "లేపండి మూలలు" అన్నాడు.

సుంకులమ్మ మూల చకచకా లేచింది. నాలుగో వరస దగ్గర ఆమె ఆగింది. గుండు వదిలి చూసింది. ఒక కన్ను మూసి మళ్లీ చూసింది. చూసి, పెట్టిన వరసంతా పీకేసింది.

"అయిపోయిందిపో" అన్నాడు ఈరన్న, తల పట్టుకుని. మద్దిలేటి చేతులు చంకల్లోకి వాటంతట అవే పోయాయి.

సూపర్వైజరు లేచి వచ్చాడు. "ఎందుకు పీకినావమ్మా? నేనేమీ అనల్యాదే."

"నువ్వు అనేదాకా ఎందుకుండాల సారూ? నాకు కనబడ్తాంటే" అంది సుంకులమ్మ, మళ్లీ అడుసు వేసుకుంటూ.

ఆయన అక్కడే నిలబడి ఆ వరస మళ్లీ పడేదాకా చూశాడు. తన గుండు జేబులోంచి తియ్యనైనా లేదు. "రేపు పొద్దున్నే రా. తాపీ తెచ్చుకో" అన్నాడు.

"తట్టా?"

"తాపీ అంటినమ్మా."

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నారంతా. ఏడవలేదు. తాపీ కడిగి, కొంగుతో తుడిచి, మొగుడికి చెప్పడానికి మూడు అంతస్తులూ పరుగెత్తింది. ఇంకో నలుగురైదుగురు కూడా కుదిరారు. ఈరన్న మాత్రం కుదరలేదు. 'ఇంకొక నెల నేర్చుకుని రా' అన్నారు. పులిజూదం వైపు పోబోయి, ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగి వచ్చి సుంకులమ్మ వదిలిపోయిన పళ్లెంలో నీళ్లు పోసుకున్నాడు.

ఆ సాయంత్రమే మద్దిలేటి మోపెడ్ మీద అర బస్తా సిమెంటు, వెనక కొన్ని ఇటుకలు కట్టుకుని దర్గా సందులోకి వచ్చాడు. ఈసారి చెప్పులు గడప బయటే విడిచాడు.

జరిగిందంతా చెప్పాడు. పళ్లెం సంగతి చెప్పినప్పుడు దస్తగిరి పగలబడి నవ్వాడు. "పళ్లెమా! అల్లా, నాకు తట్టల్యాదే ఇన్నేండ్లూ!" అని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. మాబున్ని టీ తెచ్చి ఇచ్చింది. మద్దిలేటి గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయి, సంచిలోంచి సుత్తి తీశాడు.

"పెద్దమ్మా, ఈ సామాన్లు కొంచెం జరుపు. వస్తాదూ, ఈ గోడ తీసి కట్టి పోతా. ఇన్నేండ్లు ఓర్చుకుంటిరి, చాలు. నాకు సిగ్గయితాది."

దస్తగిరి గోడ పట్టుకుని మెల్లగా లేచి వచ్చాడు. పొరలు కమ్మిన కళ్లతో సుత్తి ఎక్కడుందో వెతికి, ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో గూటి కింద ఒరిగిన వరసలను తడిమాడు.

"ఆడ నిలబడుండేది ఎవరనుకుంటివిరా? తట్ట దించి తాపీ పట్టిన నా పిల్లోడు. వాణ్ణి ఈ ఇంట్లోనుంచి ఎళ్లగొట్టేకి నువ్వెవరు?"

మద్దిలేటి సుత్తి కింద పెట్టాడు. గ్లాసు గూట్లో పెట్టి, మూలలో తడిమి చెక్కముక్క తీసి, దాని కింద దూర్చాడు.